ఆ ఆకారమే ఎందుకు? చుట్టూ ఉన్న వస్తువులతో గణితం చెప్పే పద్ధతి

గణితాన్ని నిజజీవితంతో ముడిపెట్టి చెప్పాలని అందరూ అంటారు. పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది పేర్లు చెప్పించడంతో ఆగిపోతుంది. గడియారం వృత్తం, తలుపు దీర్ఘచతురస్రం, పాచిక ఘనం. పిల్లలు గట్టిగా చెబుతారు, టీచర్ వెరీ గుడ్ అంటారు, పీరియడ్ అయిపోతుంది. పిల్లలకు కొన్ని పదాలు వచ్చాయి, అంతే. గణితం ఇంకా మొదలు కాలేదు.

అది మొదలయ్యేది తర్వాతి ప్రశ్న దగ్గర. నేల మీద పరిచే టైల్‌కి నాలుగు భుజాలే ఎందుకు, ఐదు భుజాలతో ఎందుకు చేయరు? ఇలా అడిగితే పిల్లలు కొలవాలి, కత్తిరించాలి, తప్పో ఒప్పో ఒక కారణం చెప్పాలి. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఇంట్లో గానీ బడిలో గానీ ఈ దారిలో ఎలా చెప్పాలో కింద మెట్టు మెట్టుగా రాశాను. అన్నీ ఒకే వారంలో చేయించాల్సిన పని లేదు. వరస మాత్రం మార్చకండి, ముందు మెట్టులో దొరికింది తర్వాతి దానిలో వాడతాం.

మొదలుపెట్టే ముందు

కావలసినవి పెద్దగా ఏమీ లేవు: దారం, స్కేలు, ప్రొట్రాక్టర్, కత్తెర, పాత అట్టపెట్టెలు, సెలోటేప్, అగ్గిపుల్లలు లేదా ఐస్‌క్రీమ్ పుల్లలు, ఒక చిన్న అద్దం. మెరిసే ప్లాస్టిక్ కిట్లు కొనకపోతేనే మంచిది. వాటిలో ముక్కలన్నీ ముందే చక్కగా అమరేలా చేసి ఉంటాయి కాబట్టి అమరకపోవడం అనే అనుభవమే పిల్లలకు రాదు. మనకు కావలసింది ఆ అనుభవమే.

ఒక్క నియమం పెట్టుకోండి. ఏ పని చేసినా ముందు ఊహ రాయించాలి, తర్వాతే కొలత. 'ఈ మూత చుట్టూ దారం చుడితే ఎంత పొడవు వస్తుందనుకుంటున్నావు?' అని అడిగి, చెప్పిన అంకె పుస్తకంలో పెన్నుతో రాయించండి. పెన్సిల్ అయితే తర్వాత చెరిపేస్తారు. ఊహ రాసిన పిల్లవాడికి జవాబు మీద ఆసక్తి ఉంటుంది. రాయనివాడికి అది ఇంకో కొలత మాత్రమే.

మొదటి మెట్టు: చూపు నుంచి లక్షణానికి

అట్టతో ఒక చతురస్రం కత్తిరించి బల్ల మీద మామూలుగా పెట్టండి. ఇదేంటి అంటే చతురస్రం అంటారు. దాన్నే 45 డిగ్రీలు తిప్పి మూల మీద నిలబెట్టినట్టు పెట్టి మళ్లీ అడగండి. చిన్న పిల్లల్లో చాలామంది 'డైమండ్' అంటారు. వస్తువు మారలేదు, పేరు మారింది. అంటే వాళ్లు ఇంకా బొమ్మను గుర్తుపడుతున్నారు గానీ భుజాలనూ కోణాలనూ చూడటం లేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే 1957లో తమ పరిశోధనలో చెప్పింది దీని గురించే. జ్యామితిలో ఆలోచన మెట్ల వారీగా ఎదుగుతుందని వాళ్లు గమనించారు. మొదట మొత్తం రూపాన్ని చూసి గుర్తుపట్టడం, ఆ తర్వాత లక్షణాలు చూడటం, ఆ తర్వాత ఒక లక్షణం నుంచి ఇంకోటి ఎలా వస్తుందో చెప్పడం, చివరికి నిరూపణ. పిల్లలు మొదటి మెట్టు మీద ఉండగా టీచర్ మూడో మెట్టు భాషలో మాట్లాడితే ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నా ఒకరి మాట ఒకరికి అందదు. వయసుతో పాటు ఈ మెట్లు వాటంతట అవే ఎక్కేయరు, చేసిన పనిని బట్టి ఎక్కుతారని కూడా వాళ్లు చెప్పారు. అందుకే ఈ మెట్టు మీద తొందర వద్దు.

చేయించాల్సిన పని: ఇరవై ముప్పై అట్ట ముక్కలు కత్తిరించండి. సన్నటి పొడవాటి త్రిభుజాలు, వంకర చతుర్భుజాలు, లోపలికి నొక్కుకుపోయినవి, అన్నీ ఉండాలి. పిల్లల్ని గుంపులుగా వేరు చేయమనండి. ఎలా వేరు చేయాలో మాత్రం చెప్పకండి. ఒకరు రంగుని బట్టి, ఒకరు 'సూదిగా ఉన్నవి, లేనివి' అని విడదీస్తారు. ఫర్వాలేదు. రెండోసారి 'ఒక గుంపులో నేను ఈ ముక్క వేస్తే అందులో చేరుతుందో లేదో ఎవరైనా చెప్పగలగాలి' అని షరతు పెట్టండి. అప్పుడు 'సూదిగా' అనే మాట సరిపోదు. 'లంబకోణం కంటే చిన్న మూల ఉన్నవి' అనాల్సి వస్తుంది. నిర్వచనం ఎందుకు కావాలో వాళ్లకే తెలుస్తుంది.

రెండో మెట్టు: గుండ్రటి వస్తువులు, తేడా వచ్చే కొలతలు

పరిధిని వ్యాసంతో భాగిస్తే సుమారు 3.14 అని బోర్డు మీద రాసేయడం ఒక్క నిమిషం పని. పిల్లలతో కొలిపిస్తే గంట పడుతుంది, పైగా ఒక్కరికీ సరిగ్గా 3.14 రాదు. అయినా కొలిపించండి. ఆ రాకపోవడంలోనే మంచి పాఠం ఉంది.

సీసా మూత, గిన్నె, పళ్లెం, బకెట్, సైకిల్ చక్రం, ఇలా ఐదారు సైజుల వస్తువులు తీసుకోండి. చుట్టూ దారం చుట్టి, విప్పి స్కేలు మీద పెడితే పరిధి. వ్యాసం దగ్గరే తంటా, కేంద్రం ఎక్కడో తెలియదు కదా. దానికి చిట్కా ఉంది: వస్తువును రెండు మందపాటి పుస్తకాల మధ్య రెండు వైపులా తగిలేలా నిలిపి, పుస్తకాలను సమాంతరంగా ఉంచి, మధ్య దూరం కొలవండి. అదే వ్యాసం.

కొలతలు ఒక పట్టికలో రాయించి, పరిధిని వ్యాసంతో భాగించమనండి. 3.05, 3.2, 3.16 ఇలా వస్తాయి. పిల్లలు 'మాది తప్పు' అనుకుంటారు. అక్కడ ఆపి, ఏ వస్తువులకు తేడా ఎక్కువ వచ్చిందో చూడమనండి. ఎక్కువగా చిన్న వస్తువులకే వస్తుంది. కారణం లెక్కతోనే చూపించొచ్చు. సీసా మూత పరిధి 9.4 సెం.మీ., వ్యాసం 3 సెం.మీ. అనుకుందాం. వ్యాసంలో ఒక్క మిల్లీమీటరు తగ్గి 2.9 అని కొలిస్తే జవాబు 3.24, ఒక మిల్లీమీటరు పెరిగి 3.1 అయితే 3.03. అదే పళ్లానికి పరిధి 77, వ్యాసం 24.5 అనుకుంటే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా జవాబు 3.16కీ 3.13కీ మధ్యే తిరుగుతుంది. పొరపాటు రెండు చోట్లా ఒకటే, దాని ప్రభావం వేరు. పెద్ద వస్తువును కొలిస్తే ఎందుకు మేలో, సగటు ఎందుకు తీస్తారో ఇక వేరే పాఠం అక్కర్లేదు.

ఆ తర్వాత చెప్పండి: ఈ నిష్పత్తి పేరు పై, విలువ 3.14159... అని సాగుతూనే ఉంటుంది, 22/7 దానికి దగ్గరి విలువ మాత్రమే. 22/7నే అసలు విలువ అనుకునే అలవాటు పై తరగతుల దాకా వెంటాడుతుంది కాబట్టి ఈ మాట ఇక్కడే గట్టిగా చెప్పడం మంచిది.

మూడో మెట్టు: ఖాళీ లేకుండా పరచడం

మొత్తం పద్ధతిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. టైమ్ తక్కువగా ఉంటే మిగతావి కుదించండి గానీ దీన్ని వదలొద్దు.

ముందు ఊహ. సమబాహు త్రిభుజం, చతురస్రం, క్రమ పంచభుజి, క్రమ షడ్భుజి, క్రమ అష్టభుజి (క్రమ అంటే భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉన్నవి) బొమ్మలు చూపించి 'వీటిలో దేన్ని ఒక్కదాన్నే వాడి నేలంతా ఖాళీ లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరచొచ్చు?' అని అడగండి. చాలామంది పంచభుజి కుదురుతుందనే రాస్తారు. ఒక్కో ఆకారంలో పది ముక్కలు కత్తిరించి ఇవ్వండి.

పంచభుజుల దగ్గర గొడవ మొదలవుతుంది. మూడు ముక్కలు ఒక బిందువు దగ్గర చేర్చాక సన్నటి చీలిక మిగులుతుంది. నాలుగోది పట్టదు. 'సరిగ్గా కత్తిరించలేదు' అంటారు. మళ్లీ కత్తిరించనివ్వండి. మళ్లీ అదే చీలిక వస్తుంది. ఇప్పుడు కోణాలు కొలవమనండి. పంచభుజిలో ప్రతి అంతరకోణం 108 డిగ్రీలు. మూడు కలిపితే 324. బిందువు చుట్టూ 360 కావాలి. మిగిలింది 36 డిగ్రీలు, ఆ చీలిక అదే. త్రిభుజానికి 60 కాబట్టి ఆరు పడతాయి, చతురస్రానికి 90 కాబట్టి నాలుగు, షడ్భుజికి 120 కాబట్టి మూడు. ఏడు భుజాల దగ్గర నుంచి కోణం 120 దాటిపోతుంది, కాబట్టి మూడు ముక్కలు చేరిస్తే 360 మించిపోతుంది. రెండే పెడితే ఖాళీ మిగులుతుంది. అంటే క్రమ బహుభుజుల్లో మూడే మూడు పనికొస్తాయి. పది పదిహేను ముక్కలతో ఆడుకుంటూ పిల్లలు 'ఇంకేదీ కుదరదు' అని కారణంతో సహా చెప్పగలిగారంటే, ఒక నిరూపణ చేసేసినట్టే. ఆ మాట వాళ్లతో అనండి.

తర్వాత షరతులు సడలించండి. రెండు రకాలు కలపొచ్చంటే? అష్టభుజి కోణం 135, రెండు కలిపితే 270, మిగిలింది 90, అందులో చతురస్రం సరిగ్గా కూర్చుంటుంది. క్రమంగా లేని ఆకారాలైతే? ఏ త్రిభుజమైనా సరే పరచొచ్చు. రెండింటిని కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుంది, అది వరసగా సాగిపోతుంది. ఏ చతుర్భుజమైనా, లోపలికి నొక్కుకుపోయినది కూడా, పరచొచ్చు. దీన్ని పిల్లలు నమ్మరు. ఒకే వంకర చతుర్భుజాన్ని పన్నెండు సార్లు కత్తిరించి, నాలుగు మూలలకూ 1, 2, 3, 4 అని అంకెలు వేయమనండి. ప్రతి బిందువు దగ్గరా నాలుగు అంకెలూ ఒక్కొక్కసారి వచ్చేలా, సమానమైన భుజాలు ఆనుకునేలా అమర్చితే పని అయిపోతుంది. నాలుగు కోణాల మొత్తం 360 అనే సూత్రం పనికొచ్చే చోటు ఇది.

ఇక క్రమంగా లేని పంచభుజులు. ఇక్కడ కథ ఒకటి చెప్పండి, పిల్లలు చెవులు రిక్కించి వింటారు. అమెరికాలో మార్జరీ రైస్ అనే గృహిణి హైస్కూల్ దాటి గణితం చదువుకోలేదు. పరచడానికి కుదిరే పంచభుజుల గురించి 1975లో ఒక పత్రికలో చదివి, తనే ఒక గుర్తుల పద్ధతి తయారు చేసుకుని, అప్పటికి ఎవరికీ తెలియని నాలుగు కొత్త రకాలు కనిపెట్టింది. బయటికి ఉబికి ఉండే పంచభుజుల్లో ఇప్పటికి తెలిసినవి మొత్తం 15 రకాలు. చివరిది దొరికింది 2015లో. ఆ తర్వాత 2023లో, వృత్తిరీత్యా గణితజ్ఞుడు కాని డేవిడ్ స్మిత్ గుర్తించిన 13 భుజాల 'టోపీ' ఆకారం వెలుగులోకి వచ్చింది. దాంతో నేలంతా నింపొచ్చు, కానీ ఆ అమరిక ఎంత దూరం పోయినా క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ రాదు. గణితం అంతా ఎప్పుడో కనిపెట్టేశారనే భ్రమ పోవడానికి ఈ రెండూ చాలు.

తేనెపట్టు ప్రస్తావన ఇక్కడ తేవాలి, ఇంతకు ముందు కాదు. షడ్భుజి పరచడానికి కుదురుతుందని పిల్లలకు ఇప్పటికే తెలుసు. మరి త్రిభుజం, చతురస్రం కూడా కుదురుతాయి కదా, షడ్భుజే ఎందుకు? లెక్క వేయించండి. వైశాల్యం 100 చదరపు సెం.మీ. ఉండేలా మూడు ఆకారాలు తీసుకుంటే చుట్టుకొలత సమబాహు త్రిభుజానికి సుమారు 45.6 సెం.మీ., చతురస్రానికి 40, షడ్భుజికి 37.2. అంత చోటుకే తక్కువ గోడ, అంటే తక్కువ మైనం. వృత్తానికి 35.4 చాలు గానీ వృత్తాలను ఎంత ఒత్తుగా పేర్చినా నేలలో సుమారు 91 శాతమే నిండుతుంది. సమాన వైశాల్యం గల గదులుగా విడగొట్టేటప్పుడు షడ్భుజుల కంటే పొదుపైన మార్గం లేదని థామస్ హేల్స్ 1999లో నిరూపించాడు. రెండు వేల ఏళ్లుగా అందరూ నిజమే అనుకుంటున్న విషయానికి అప్పటిదాకా పూర్తి నిరూపణ లేదు. తేనెటీగలు లెక్కలు వేసి కడతాయని మాత్రం చెప్పకండి. ఏ ఆకారం పొదుపో చెప్పేది గణితం, ఆ ఆకారం ఎలా తయారవుతుందనేది జీవశాస్త్రం, భౌతికశాస్త్రం చూసుకోవాల్సిన సంగతి.

నాలుగో మెట్టు: చీలికను మూసేయండి

పంచభుజుల మధ్య మిగిలిన ఆ 36 డిగ్రీల చీలిక గుర్తుంది కదా. ఆ మూడు ముక్కల్నీ చేతిలోకి తీసుకుని, చీలిక అంచులు రెండూ కలిసేలా దగ్గరికి లాగి టేప్ వేయించండి. అట్ట బల్ల మీద నుంచి పైకి లేచి గిన్నెలా వంగుతుంది. ప్రతి మూల దగ్గరా అలాగే చేసుకుంటూ పోతే 12 పంచభుజులతో మూసుకుపోయిన బంతిలాంటి ఘనాకృతి తయారవుతుంది. నేల మీద విఫలమైన ఆకారం గాల్లో గెలిచింది.

ఇప్పుడు అసలు వింత. దానికి 20 శీర్షాలు. ఒక్కోచోట లోటు 36 డిగ్రీలు. 20ని 36తో గుణిస్తే 720. పాచిక తీసుకోండి: ప్రతి శీర్షం దగ్గర మూడు లంబకోణాలు, 270, లోటు 90. శీర్షాలు 8. మళ్లీ 720. నాలుగు సమబాహు త్రిభుజాలతో చేసిన చతుర్ముఖికి ఒక్కో శీర్షం దగ్గర లోటు 180, శీర్షాలు 4. అదీ 720. ఫుట్‌బాల్ చూడండి: నలుపు తెలుపు రంగుల పాతకాలపు డిజైన్‌లో 12 పంచభుజులు, 20 షడ్భుజులు. ప్రతి శీర్షం దగ్గర 108, 120, 120 కలిపి 348, లోటు 12. శీర్షాలు ఎన్ని? ఒక్కొక్కటీ లెక్కపెట్టక్కర్లేదు. ముక్కలన్నిటి మూలలు కలిపితే 60 + 120 = 180, ప్రతి శీర్షం దగ్గరా మూడు మూలలు కలుస్తాయి కాబట్టి శీర్షాలు 60. లోటు మొత్తం 720. బయటికి ఉబికిన ఏ బహుముఖికైనా ఇంతే వస్తుందని గుర్తించినవాడు 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితజ్ఞుడు డెకార్ట్. పిల్లలు తమకు నచ్చిన అట్టపెట్టె తెచ్చి పరీక్షించనివ్వండి.

శీర్షాల నుంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే ఎప్పుడూ 2 వస్తుందనే ఆయిలర్ సూత్రం కూడా వీటి మీదే సరిచూడొచ్చు. ఫుట్‌బాల్‌కి 60 − 90 + 32.

ఐదో మెట్టు: అమరిక నుంచి బీజగణితం

అగ్గిపుల్లలతో ఒక చతురస్రం పేర్చండి, నాలుగు పుల్లలు. దాని పక్కనే ఆనుకుని ఇంకోటి, మొత్తం ఏడు. మూడోది, పది. ఇరవై చతురస్రాలకు ఎన్ని పుల్లలు? పేర్చకుండా చెప్పాలి.

జవాబు 61 అని ఎవరో ఒకరు చెబుతారు. అక్కడితో ఆపేస్తే పాఠం సగంలో పోయినట్టే. 'నువ్వు ఎలా చూశావు?' అని ఒక్కొక్కరినీ అడగండి. ఒకరు మొదటి పుల్ల పక్కన పెట్టి, తర్వాత మూడేసి పుల్లల 'డబ్బాలు' కలుపుకుంటూ పోతారు: 1 + 3 × 20. ఇంకొకరు మొదటి చతురస్రం పూర్తిగా తీసుకుని మిగతా పంతొమ్మిదికి మూడేసి కలుపుతారు: 4 + 3 × 19. మరొకరు పైవరస 20, కిందివరస 20, నిలువు పుల్లలు 21 అంటారు. ఇంకెవరో అన్నీ విడివిడి చతురస్రాలే అనుకుని 80 రాసి, రెండుసార్లు లెక్కపడిన 19 పుల్లల్ని తీసేస్తారు. నాలుగూ బోర్డు మీద రాసి, చతురస్రాల సంఖ్య 20 ఉన్న చోట 'చ' అనే అక్షరం పెట్టండి. సూక్ష్మీకరిస్తే నాలుగూ 3చ + 1 అవుతాయి. వేర్వేరు చూపులు ఒకే చోటికి రావడం, దాన్ని అక్షరాలతో సరిచూసుకోవడం, ఇదే బీజగణితం. అక్షరాలు ఎందుకు వచ్చాయని అడిగే పిల్లలకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

ఆరో మెట్టు: మోసం చేసే అమరిక

ఇన్ని అమరికలు చూశాక పిల్లలకు ఒక ధీమా వస్తుంది: మూడు నాలుగు అంకెలు చూస్తే చాలు, తర్వాతిది చెప్పేయొచ్చని. ఆ ధీమాను ఒకసారి దెబ్బతీయాలి.

వృత్తం గీసి దాని మీద బిందువులు పెట్టి, ప్రతి బిందువునూ మిగతా అన్నిటితో సరళరేఖలతో కలపండి. వృత్తం ఎన్ని ముక్కలైంది? ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి? అందరూ 32 అని రాస్తారు. గీసి లెక్కపెడితే 31 వస్తుంది. తప్పు లెక్కపెట్టామని మళ్లీ గీస్తారు, మళ్లీ 31. ఏడు బిందువులకైతే 57. ఒక జాగ్రత్త: ఆరు బిందువుల్ని సమాన దూరాల్లో పెడితే మూడు రేఖలు నడిమధ్యలో ఒకే చోట కలిసిపోయి 30 వస్తుంది, కాబట్టి కాస్త అడ్డదిడ్డంగా పెట్టించండి.

ఇది కావాలనే ఐదో మెట్టు తర్వాత పెట్టాను. అగ్గిపుల్లల దగ్గర ప్రతిసారీ మూడే ఎందుకు పెరుగుతుందో బొమ్మలో కనిపిస్తుంది, కాబట్టి వందో చతురస్రం గురించి కూడా ధైర్యంగా చెప్పగలం. ఇక్కడ రెట్టింపు ఎందుకు అవ్వాలో ఎవరూ చెప్పలేదు, అంకెలు చూసి అనుకున్నారంతే.

పక్కన చేయించదగ్గవి

ఏ4 కాగితం 297 × 210 మిల్లీమీటర్లు. సగానికి మడిస్తే కూడా పొడవు, వెడల్పుల నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. అలా ఉండాలంటే ఆ నిష్పత్తి వర్గం 2 కావాలి, అంటే సుమారు 1.414. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైతే ఒక్క ఏ4 బరువు 5 గ్రాములు, 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు. తూకం వేసి చూసుకోవచ్చు.

అద్దంతో సౌష్ఠవం: దీర్ఘచతురస్రానికి కర్ణం సౌష్ఠవాక్షమేనని చాలామంది అనుకుంటారు. వాదించకుండా కాగితం కర్ణం వెంబడి మడిపించండి. నీడలతో ఎత్తు: మీటరు కర్ర నీడ 60 సెం.మీ. ఉన్నప్పుడు చెట్టు నీడ 4.8 మీటర్లైతే చెట్టు ఎత్తు 8 మీటర్లు. రెండు నీడలూ ఒకే సమయంలో, చదునైన నేల మీద కొలవాలి.

పొద్దుతిరుగుడు పువ్వు గింజల్లో కుడివైపు తిరిగే వరసలు, ఎడమవైపు తిరిగే వరసలు లెక్కపెడితే తరచుగా 34, 55 లాంటి ఫిబొనాచ్చి సంఖ్యలు (1, 1, 2, 3, 5, 8... ఇలా ముందు రెండూ కలిపితే తర్వాతిది వచ్చే వరసలోవి) వస్తాయి. అన్ని పువ్వుల్లోనూ రావు. గోల్డెన్ రేషియో (సుమారు 1.618 అనే నిష్పత్తి) విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నాటిలస్ గవ్వలో, పురాతన గుడుల్లో, మనిషి ముఖంలో అది ఉందని వీడియోలు చాలానే తిరుగుతుంటాయి. నాటిలస్ గవ్వది అందమైన సర్పిలమే గానీ, కొలిస్తే ఆ నిష్పత్తికి సరిపోదు. పిల్లలకు ఆ బొమ్మ ప్రింట్ తీసి ఇచ్చి కొలవమనండి, బట్టీ పట్టించకండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

పేర్లు అడిగే పరీక్ష పెట్టొద్దు. చూడని వస్తువు ఒకటి ఇచ్చి రెండు ప్రశ్నలు వేయండి: ఇది ఈ ఆకారంలోనే ఎందుకు ఉంది, వేరే ఆకారమైతే ఏం ఇబ్బంది? ఉదాహరణకు రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత. 'గుండ్రంగా ఉంటే బాగుంటుంది' అంటే ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టు, అట్టముక్కల దగ్గరికి వెనక్కి వెళ్లండి. 'వృత్తానికి ఏ వైపు నుంచి కొలిచినా వెడల్పు ఒకటే, చతురస్రానికైతే కర్ణం భుజం కంటే పొడవు కాబట్టి అడ్డంగా తిప్పితే లోపల పడిపోతుంది' అంటే లక్షణాలతో ఆలోచిస్తున్నట్టు. 'మరి ఏ వైపు నుంచైనా ఒకే వెడల్పు ఉండే ఆకారం వృత్తం ఒక్కటేనా?' అని ఎదురు ప్రశ్న వేసే పిల్ల ఉంటే, కంపాస్ చేతికివ్వండి. సమబాహు త్రిభుజం గీసి, ఒక్కో శీర్షం మీద ముల్లు పెట్టి, భుజమంత వ్యాసార్థంతో మిగతా రెండు శీర్షాలనూ కలుపుతూ చాపం గీయమనండి. వచ్చిన ఉబ్బు త్రిభుజాన్ని అట్టతో కత్తిరించి, రెండు స్కేళ్ల మధ్య దొర్లించి చూడమనండి.